సైలెన్సర్ మార్చే ముందు వెనక సీటులో కూర్చోండి

కుటుంబం కోసం కొన్న సెడాన్‌కు కొన్నేళ్లు నిండాక, వెనక బంపరు కింద ఉండే సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడటం మామూలే. దాన్ని మార్చక తప్పని రోజు వచ్చినప్పుడు చాలామందికి ఒక ఆలోచన తడుతుంది: కారు ఎలాగూ లిఫ్ట్ ఎక్కింది, పాత గొట్టం ఎలాగూ కోసేస్తున్నారు, ఇంకాస్త ఖర్చు పెట్టి మొత్తం ఎగ్జాస్ట్‌నే, అంటే పొగ బయటికి పోయే గొట్టాల వరుసనంతా, మెరుగైన దానితో మార్చేస్తే పోలా? ఈ ఆలోచన తప్పని నేను అనను. నా కారుకు నేనూ అలాగే మార్పించాను, అవసరం పడితే మళ్లీ మార్పిస్తాను. మెరుగుదల అంటే ఏమిటన్న దగ్గరే నాకు పేచీ ఉంది. లావు గొట్టం, లోపల దాదాపు ఖాళీగా ఉండే సైలెన్సర్, స్టార్ట్ చేయగానే ఛాతీకి తగిలే శబ్దం, వీటిని పవర్ పేరుతోనో మైలేజీ పేరుతోనో ఫ్యామిలీ కారుకు అంటగట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. అలాంటి కారులో ఎగ్జాస్ట్ బాగుందో లేదో తేల్చే హక్కు స్టీరింగ్ పట్టుకున్నవారికి కాదు, వెనక సీటులో కూర్చునేవారికి ఉంది. మర్యాద కోసం ఈ మాట అనడం లేదు. దీని వెనక భౌతికశాస్త్రం ఉంది, అక్కడికి వస్తాను.

ముందుగా పవర్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఖర్చును సమర్థించుకోవడానికి అందరూ మొదట చెప్పుకునే కారణం అదే. కారుతో వచ్చిన సైలెన్సర్ పొగకు అడ్డుపడుతుందని, ఆ అడ్డు తొలగిస్తే ఇంజిన్ బలం పెరుగుతుందని అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. సిలిండర్‌లో కాలిన వాయువును బయటికి నెట్టడానికి పిస్టన్ కొంత శక్తి వెచ్చిస్తుంది, దారిలో అడ్డు పెరిగితే ఆ వ్యయమూ పెరుగుతుంది. అయితే ఆ అడ్డు వల్ల పుట్టే ఎదురు ఒత్తిడి, పొగ ప్రవాహం రెట్టింపైతే రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలవుతుంది. అంటే ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అసలు విషయమంతా ఈ ఒక్క సూత్రంలోనే ఉంది. 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌ను తీసుకోండి. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అది సెకనుకు దాదాపు 75 లీటర్ల గాలి పీలుస్తుంది. అదే ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర సాఫీగా సాగుతూ, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ కొద్దిగానే తెరుచుకుని ఉన్నప్పుడు సెకనుకు 10 లీటర్ల దాకా పీలుస్తుంది. ప్రవాహం ఏడున్నర రెట్లు తగ్గితే, ఎదురు ఒత్తిడి యాభై రెట్లకు పైగా తగ్గుతుంది. గరిష్ఠ వేగంలో ఎగ్జాస్ట్ మొత్తం మీద 20 కిలోపాస్కల్స్ ఒత్తిడి ఉందనుకుంటే, మామూలు ప్రయాణంలో మిగిలేది 0.4 కిలోపాస్కల్స్ కూడా కాదు.

ఆ చిన్న అంకెను ఇంజిన్ చేసే పనితో పోల్చి చూడాలి. నిలకడగా సాగే ప్రయాణంలో సిలిండర్ మీద సగటున పనిచేసే ఉపయోగకరమైన ఒత్తిడి 300 కిలోపాస్కల్స్ అనుకుంటే, సైలెన్సర్‌ను పూర్తిగా పీకి పారేసినా కలిసొచ్చేది వెయ్యింటికి ఒక వంతు చిల్లర. టైర్లలో గాలి కాస్త తగ్గితే పోయే మైలేజీ ఇంతకన్నా ఎక్కువ. మరి యాక్సిలరేటర్ నేలకు తొక్కి 6,000 దాకా తీసుకెళ్లినప్పుడు? అక్కడ లాభం నిజంగానే ఉంటుంది, వంద హార్స్‌పవర్ ఇంజిన్‌కు రెండో మూడో కలిసివస్తాయి. పిల్లల్ని బడిలో దింపడానికి, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, సెలవులకు ఊరెళ్లడానికి కొన్న కారు ఆ ఆర్‌పీఎం దగ్గర ఎన్ని క్షణాలు గడుపుతుందో ఎవరి కారు గురించి వారే ఆలోచించుకోవచ్చు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఇంకో నమ్మకం కూడా ప్రచారంలో ఉంది: ఇంజిన్‌కు కొంత ఎదురు ఒత్తిడి అవసరమని, అది లేకపోతే కింది వేగాల్లో పికప్ పోతుందని. ఇది కూడా సరైన వివరణ కాదు. ఎదురు ఒత్తిడి వల్ల ఏ ఇంజిన్‌కూ మేలు లేదు. మేలు చేసేవి ఒత్తిడి అలలు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల గొట్టంలోకి దూకుతుంది. గొట్టాలు కలిసే చోట, అంటే లోపలి వైశాల్యం ఒక్కసారిగా పెరిగే చోట, దాని ప్రతిఫలనం తక్కువ ఒత్తిడి అలగా వెనక్కి తిరుగుతుంది. అది సరిగ్గా వాల్వు మూసుకునే ముందు సిలిండర్ దగ్గరికి చేరితే, లోపల మిగిలిన పొగను లాగేస్తుంది. ఈ లెక్కంతా ప్రధానంగా సిలిండర్లను ఆనుకుని ఉండే మానిఫోల్డ్ గొట్టాల పొడవు, బోరు (లోపలి వెడల్పు) మీద నడుస్తుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాక వచ్చే భాగాన్ని, అంటే క్యాట్‌బ్యాక్ అని అమ్మే సెట్టును, ఎంత మార్చినా ఆ అలల కాలక్రమం పెద్దగా మారదు. 50 మిల్లీమీటర్ల గొట్టం స్థానంలో 63 మిల్లీమీటర్లది వేస్తే వైశాల్యం 59 శాతం పెరుగుతుంది, పొగ వేగం ఆ మేరకు తగ్గుతుంది. మామూలు నడకలో ఇంజిన్‌కు అది ఉపకారమూ కాదు, చెప్పుకోదగ్గ అపకారమూ కాదు. చెవికి మాత్రం అది అపకారమే.

పొగ బలంతో తిరిగే టర్బైన్ సాయంతో గాలిని లోపలికి నెట్టే టర్బో ఇంజిన్ల విషయంలో నా వాదనను కొంత సడలించాలి. అక్కడ టర్బైన్ తర్వాత ఒత్తిడి తగ్గిన కొద్దీ టర్బైన్ ఎక్కువ పని రాబట్టగలదు, కాబట్టి టర్బైన్‌ను ఆనుకుని దిగే గొట్టం మారిస్తే, ఇంజిన్ కంప్యూటర్‌లో ట్యూనింగ్ కూడా మారిస్తే, తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆధునిక కార్లలో ఆ గొట్టంలోనే కన్వర్టర్ ఉంటుంది. దాన్ని తాకడం ఎందుకు కూడదో కింద చెబుతాను.

ఇప్పుడు శబ్దం సంగతి. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే రెండు పేలుళ్లు జరుగుతాయి. 2,000 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు సుమారు 67 పేలుళ్లు, అంటే 67 హెర్ట్జ్ గల మంద్ర ధ్వని. మరోవైపు కారు క్యాబిన్ కూడా ఒక మూసిన పెట్టె. దానికీ తనదైన అనునాదం, అంటే ఒక ప్రత్యేక స్వరానికి తానూ గట్టిగా మోగే గుణం, ఉంటుంది. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా రెండున్నర మీటర్లు అనుకుంటే, గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కనుక, ఆ పెట్టె మొట్టమొదట ప్రతిధ్వనించే పౌనఃపున్యం 69 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. ఈ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. ఎక్కువమంది రహదారి మీద నిలకడగా నడిపే వేగంలోనే ఇంజిన్ చప్పుడు, క్యాబిన్ అనునాదం ఒకదానితో ఒకటి జత కలుస్తాయి. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు ఒకటిన్నర పేలుళ్లే కనుక అదే జత 2,700 ఆర్‌పీఎం దగ్గర కుదురుతుంది. కారు తయారు చేసినవారు ఆ బరువైన సైలెన్సర్‌ను, దాని ముందు కొన్ని స్వరాలను అణచే ఇంకో చిన్న డబ్బా అయిన రెసొనేటర్‌ను, లోపల గదులు గదులుగా కట్టి పెట్టడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి.

మూసిన పెట్టెలో ఇలా నిలబడిపోయిన ధ్వని అల అన్ని చోట్లా ఒకేలా వినిపించదు. రెండు చివర్లలో ఒత్తిడి గరిష్ఠంగా, నడుమ కనిష్ఠంగా ఉంటుంది. సెడాన్‌లో ముందు సీట్లవారి తలలు ఇంచుమించు క్యాబిన్ నడుమకు వస్తాయి, వెనక సీటువారి తలలు వెనక అద్దాన్ని ఆనుకుని, ఒత్తిడి ఎక్కువగా ఉండే చివర ఉంటాయి. అదీగాక సైలెన్సర్ వేలాడేది కూడా వారి వెనకే. శబ్దాన్ని ఎంచుకున్న మనిషికి అది తక్కువగా, ఎంచుకోని మనుషులకు ఎక్కువగా వినిపించేలా ఆ కారు ఆకారమే ఏర్పాటు చేస్తోందన్నమాట. నా మిత్రుడొకరు తన సెడాన్‌కు పెద్ద బోరు సైలెన్సర్ వేయించుకున్నాక మేమందరం కలిసి ఒక దూర ప్రయాణం చేశాం. వెనక సీటులో నా పక్కన కూర్చున్న అమ్మ, నేను ఏం చెప్పినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమన్నావురా?" అని అడుగుతూ వచ్చింది. ముందున్న మిత్రుడితో ఆ మాట అంటే, "శబ్దం ఎక్కడుంది? హాయిగానే ఉంది కదా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, తన సీటు దగ్గర అతనికి వినిపించిందే చెప్పాడు. దారి మధ్యలో బండి నేను తీసుకుని అతన్ని వెనక కూర్చోమన్నాక అతని అభిప్రాయం మారింది. సైలెన్సర్ కొనబోయే ఎవరైనా, అదే మోడల్ కారులో అదే సైలెన్సర్ వేయించుకున్నవారిని వెతికి, రహదారి వేగంలో వెనక సీటులో కాసేపు కూర్చుని చూడాలని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే. ఆగి ఉన్న కారులో యాక్సిలరేటర్ తొక్కి వినిపించే శబ్దంతో ఏమీ తేలదు.

డెసిబెల్ మీటరుతో కొలిచి ఫర్వాలేదని చెప్పేవారి మాటనూ ఇక్కడ జాగ్రత్తగా వినాలి. మామూలుగా కొలతలన్నీ ఏ-వెయిటింగ్ అనే పద్ధతిలో ఉంటాయి. మనిషి చెవి మంద్ర ధ్వనులను తక్కువగా గ్రహిస్తుందన్న లెక్కతో, 63 హెర్ట్జ్ దగ్గర ఆ పద్ధతి 26 డెసిబెల్స్ తీసేసి చూపుతుంది. కాబట్టి వెనక సీటులో తలకు పట్టేసినట్టుండే ఆ మోత, మీటరు మీద చిన్న అంకెగానే కనిపిస్తుంది. మీటరులో లోపం లేదు, అది కొలవడానికి పుట్టిన విషయం వేరు. గంటల తరబడి ఆగకుండా మోగే ఒకే స్థాయి మోత వల్ల కలిగే అలసటను ఆ అంకె చెప్పదు. సీటులో నిద్రపట్టక ఏడ్చే పసిబిడ్డ చెబుతుంది.

ఇక కన్వర్టర్. దీని గురించి చెప్పేటప్పుడు నేను మెత్తగా మాట్లాడలేను. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు యూజీన్ హౌడ్రీ, వాహనాల పొగను ఉత్ప్రేరకంతో శుద్ధి చేసే పరికరానికి 1956లో అమెరికా పేటెంటు పొందారు. కానీ అప్పటి పెట్రోలులో కలిపే సీసం ఉత్ప్రేరకాన్ని పాడుచేసేది కనుక ఆ పరికరం మామూలు కార్లలోకి రావడానికి చాలా కాలం పట్టింది. సీసం లేని పెట్రోలు అందుబాటులోకి రావడం, కార్నింగ్ సంస్థలో రాడ్నీ బాగ్లీ, ఇర్విన్ లాక్‌మన్, రొనాల్డ్ లూయిస్ కలిసి సన్నని గోడల సిరామిక్ దిమ్మెను రూపొందించడం, ఇవన్నీ కలిసొచ్చాక 1975 మోడల్ అమెరికన్ కార్లలో కన్వర్టర్లు విస్తృతంగా ప్రవేశించాయి. 1976లో బాష్ సంస్థ, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్‌ను వోల్వో కార్లకు అందించడంతో మూడు కాలుష్యాలను ఒకేసారి తగ్గించడం సాధ్యమైంది: కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. బరువులో 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు అన్న నిష్పత్తికి దగ్గరగా ఇంజిన్‌ను ఆ సెన్సర్ నిలిపి ఉంచితే, వేడెక్కిన కన్వర్టర్ ఈ మూడింటిలోనూ 90 శాతానికి మించి తొలగించగలదు. ప్లాటినం, పల్లేడియం, రోడియం పూతతో, వందల కొద్దీ సన్నని రంధ్రాలతో ఉన్న ఆ దిమ్మెను పగలగొట్టి ఖాళీ డబ్బా చేయడం గాని, దాని స్థానంలో నేరు గొట్టం వెల్డింగ్ చేయడం గాని ఏ కారణం చేతనూ సమర్థనీయం కాదు. కన్వర్టర్ వెనకాల ఉండే రెండో సెన్సర్, కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని తెలిపే పీ0420 కోడ్ చూపించి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తే, ఆ సెన్సర్‌ను పొగకు దూరంగా జరిపే చిన్న ముక్క బిగించి దాన్ని ఏమార్చే పద్ధతి కూడా కొన్ని చోట్ల ఉంది. అలా చేసిన బండి వెనక సైకిల్ మీద వెళ్లే మనిషి ఏ తప్పూ చేయకుండానే ఆ పొగ పీలుస్తున్నాడు. డీజిల్ కార్లలో మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టరు తీసేయించడానికీ ఇదే మాట వర్తిస్తుంది.

బయటివారి చెవుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చాలావరకు చట్టం తేల్చేసిన విషయం. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 51వది, సాధారణ ప్యాసింజర్ కార్ల కొత్త మోడళ్లకు శబ్ద పరిమితిని 2016లో 72 డెసిబెల్స్‌గా, 2020లో 70గా, 2024లో 68గా అంచెలంచెలుగా దించింది. 72 నుంచి 68కి దిగడం అంటే ధ్వని శక్తిని రెండున్నర రెట్లు తగ్గించడం. ఇంజనీర్లు ఏళ్ల తరబడి శ్రమించి తగ్గించినదాన్ని ఒక్క పూట వెల్డింగ్‌తో తిరగదోడటం నాకు బాధ కలిగిస్తుంది.

మరి ఖర్చు పెట్టదగ్గ మెరుగుదల ఏది? నా దృష్టిలో లోహం, అతుకులు, వేలాడదీసిన తీరు. లీటరు పెట్రోలు కాలితే ఒక కిలోకు కాస్త తక్కువగా నీరు పుడుతుంది. దూర ప్రయాణంలో అది ఆవిరై పోతుంది. చిన్న చిన్న దూరాలు తిరిగే కారులో మాత్రం చిట్టచివర ఉండి సరిగ్గా వేడెక్కని వెనక సైలెన్సర్ లోపలే నిలిచిపోతుంది. దానికి ఆమ్లాలు తోడై రేకును లోపలి నుంచి తినేస్తాయి. ఫ్యామిలీ కారు జీవితమంతా చిన్న దూరాలే కనుక తుప్పు దానికి సహజ శత్రువు. ఇక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు నిజంగా పనికొస్తుంది. 409 రకంలో క్రోమియం దాదాపు 11 శాతం. పైన గోధుమరంగు తుప్పు పొర కనిపిస్తుంది గాని లోతుకు దిగదు. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. ఇది ఇంకా మన్నుతుంది. 304 అని చెప్పి అమ్మే గొట్టానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది 304 కాదు, వంపుల దగ్గర మాత్రం కొద్దిగా లాగవచ్చు.

అయితే 304 వేడికి ఎక్కువ సాగుతుంది. నాలుగు మీటర్ల గొట్టం సగటున 200 డిగ్రీలు వేడెక్కితే 304 సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, 409 అయితే 9 దాకా. ఆ సాగుదలకు చోటిచ్చేది రబ్బరు హ్యాంగర్లు, మధ్యలో ఉండే అల్లిక గొట్టం. కొత్త గొట్టం వేసి పాత, గట్టిపడిన రబ్బర్లనే మళ్లీ తగిలిస్తే, సాగే చోటు లేక అతుకు దగ్గర పగులు వస్తుంది, కంపనం నేరుగా బాడీకి ఎక్కుతుంది. చాలా వర్క్‌షాపుల్లో దాటవేసే పని ఇదే, కాబట్టి రబ్బర్లు కూడా మార్చమని నోరు తెరిచి అడగాలి. గొట్టం బోరు కారుతో వచ్చినంతే ఉండాలి, వంపుల దగ్గర నొక్కుకుపోకూడదు. సైలెన్సర్‌తో పాటు ముందరి రెసొనేటర్ కూడా ఉండి తీరాలి.

శబ్దం ఒక ఆనందం అనేవారికి నేను ఇవ్వగల సమాధానం ఇది: ఆ ఆనందాన్ని నేను కాదనను, మంచి ఇంజిన్ పైకి లాగుతున్నప్పుడు వచ్చే స్వరం నాకూ ఇష్టమే. అది కావలసినవారు వాల్వు ఉన్న సైలెన్సర్ గురించి ఆలోచించవచ్చు. దాని వాల్వు తెరిచినప్పుడు కూడా కారు చట్టబద్ధమైన పరిమితిలోనే ఉండాలన్నది షరతు. వాల్వు మూసి ఉన్నప్పుడు పొగ గదుల గుండా పోతుంది, తెరిచినప్పుడు నేరుగా పోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలా, కుటుంబంతో ఉన్నప్పుడు ఒకలా నడుపుకోవచ్చు. ఇప్పటికే వేయించుకున్న సైలెన్సర్‌తో ఒకే ఆర్‌పీఎం దగ్గర మోత వస్తుంటే, ఒక చివర మూసిన పక్క గొట్టం అతికించి ఆ ఒక్క స్వరాన్ని చంపే ఉపాయం ఉంది. పొగలో ధ్వని వేగం సెకనుకు 450 మీటర్లు అనుకుంటే, 100 హెర్ట్జ్ మోతకు ఆ గొట్టం పొడవు దాదాపు 1.1 మీటర్లు ఉండాలి, 67 హెర్ట్జ్‌కు 1.7 మీటర్లు. సెడాన్ కింద అంత చోటు వెతకడమే కష్టం, కాబట్టి ముందే సరైన సైలెన్సర్ ఎంచుకోవడం మేలు.

పని పూర్తయ్యాక చూసుకోవలసిన వాటిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది లీకు. కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్ కన్నా ఇంజిన్ వైపున్న అతుకులో సన్నని సందు ఉన్నా, రెండు పేలుళ్ల నడుమ బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందని భ్రమపడి ఎక్కువ పోయిస్తుంది, మైలేజీ పడిపోతుంది. క్యాబిన్ కింద లీకు ఇంకా ప్రమాదం, ఎందుకంటే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. చివరి గొట్టం బంపరు లోపలే ఆగిపోకుండా బాడీ అంచు దాటి బయటికి రావాలి. నడుస్తున్న సెడాన్ వెనక గాలి సుళ్లు తిరిగి డిక్కీ సందుల వైపు పొగను లాక్కొస్తుంది. కారు ఇంకా లిఫ్ట్ మీద ఉండగానే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, మందపాటి గుడ్డతో చివరి గొట్టాన్ని క్షణకాలం మూయమంటే, ఏ అతుకు దగ్గర లీకు ఉందో బుస్సుమన్న చప్పుడే చెబుతుంది. కొన్నాళ్లు తిరిగి, గొట్టం చాలాసార్లు వేడెక్కి చల్లారాక క్లాంపుల బోల్టులు కొద్దిగా వదులవుతాయి. అప్పుడు ఒకసారి మళ్లీ తీసుకెళ్లి బిగించుకోవాలి, వేడి తగలకుండా పైన ఉండే రేకు కవచాలు తిరిగి అమర్చారో లేదో అదే సమయంలో చూసుకోవాలి.